ఇద్దరూ రాయగలిగే డిస్కు

ప్రియమైన కోడలికి,

ఆశీస్సులు. ఈ బిస్కెట్ల డబ్బా నీ చేతికి అందిందంటే బస్సు పార్సిల్ ఆఫీసువాళ్లు నా మాట విన్నారన్నమాట. లోపల తువ్వాలులో చుట్టి ఉన్నది హార్డ్ డిస్కు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నాకు సగమే వినబడుతుంది, ఆ సగంలోకి కూడా మీ అత్తయ్య దూరుతుంది. అందుకని కాగితం. డబ్బాలో డిస్కు పక్కన ఎలాగూ చోటుంది.

సంగతేమిటంటే, మా ఏటి మీద కొత్త వంతెన పూర్తి కావచ్చింది. మొదటి గుంట తవ్విన రోజు నుంచి నేను మన ఫొటో స్టూడియో డాబా మీద కెమెరా పెట్టి తీస్తూనే ఉన్నాను. ఎవరూ తీయమనలేదు. డాబా ఉంది, కెమెరా ఉంది, ఎదురుగా వంతెన లేస్తోంది. నవ్వండి మహాప్రభో అని జనాన్ని బతిమాలీ బతిమాలీ విసిగిపోయినవాడికి, బతిమాలకుండానే రోజూ కాస్త పెరిగేది ఒకటి దొరికింది. ఇప్పుడు పట్టణ సంఘంవాళ్లకు సంగతి తెలిసి, ప్రారంభం రోజు సాయంత్రం వంతెన మొదట్లో పెద్ద తెర కట్టి నా సినిమా వేస్తామన్నారు. నా సినిమా! కానీ ఇది ఇంకా సినిమా కాలేదు, గుట్టగా ఉంది. మొత్తం కూర్చుని చూస్తే కొత్త వంతెన కాస్తా పాతబడిపోతుంది. దాన్ని అరగంటకు కుదించాలి.

నువ్వు సబ్బుల ప్రకటనలు, చెప్పుల ప్రకటనలు ఎడిటింగ్ చేస్తావని మావాడు గొప్పగా చెబుతుంటాడు. చెప్పుల్ని అరనిమిషంలో చూపించేదానివి, వంతెనను అరగంటలో చూపించలేవా?

రెండే షరతులు. త్వరలో నడిమి దూలం ఎత్తి పెడతారు. రెండు ఒడ్లూ కలిసేది అప్పుడే. ఆ ఘట్టం నేను ఒకే బిగిన తీయబోతున్నాను, దానికి కత్తెర తగలకూడదు. ఒక్క ముక్క కూడా కోయకూడదు. ఇక రెండోది, చివర్లో నా పేరు పడాలి. అవతలి ఒడ్డు నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో పడాలి. నా పేరు ఒక్కటే. వంతెన కట్టిన ఇంజనీరు పేరు రాతి పలక మీద చెక్కిస్తున్నారు. నేనూ ఈ ఏటి మీద ఒకటి కట్టాననే నా లెక్క.

మావాడిని వేళకు తినమను.

ఇట్లు,
స్టూడియో యజమాని
(అలవాటు కొద్దీ ఇలా సంతకం పడింది. మీ మామయ్యనే.)

* * *

ప్రియమైన మామయ్యగారికి,

నమస్కారాలు. డబ్బా భద్రంగా చేరింది. తువ్వాలు ఉతికి పంపుతున్నాను. అది కనబడక అత్తయ్యగారు ఇల్లంతా గాలించారట. ఆవిడకు చెప్పకుండా తీశారని మీ అబ్బాయి పట్టేశారు.

మీ వంతెన రెండు రోజులు కదలకుండా చూశాను. వరద వచ్చిన రోజు ఇనుప చట్రం ఒకటి ఒరిగిపోయి, పడకుండా అలాగే ఆగిపోయింది చూశారా? మర్నాడు పనివాళ్లు దాని ముందు వరసగా నిలబడి, ఒక్కరూ మాట్లాడకుండా టీ తాగుతారు. దాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది, కానీ తీసిపెట్టింది మీరొక్కరే. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిని పిలిచి 'మా మామగారు తీశారు' అని చూపించాను. నేను చేసిన ఏ ప్రకటనకూ ఇంతవరకు ఎవరినీ అలా పిలవలేదు.

ఒక చిక్కుంది. మీది విండోస్ కంప్యూటర్, నాది మ్యాక్. మీ డిస్కు మీ కంప్యూటర్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. ఫార్మాట్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. డిస్కులో ఫైళ్లను ఎలా సర్దాలి, ఏది ఎక్కడ పెట్టామో ఎలా గుర్తుపెట్టుకోవాలి అనే ఏర్పాటు. ఒక్కో రకం కంప్యూటర్‌కు ఒక్కో ఏర్పాటు అలవాటు. మీ ఏర్పాటును నా కంప్యూటర్ చదవగలదు, అందులో రాయలేదు. అంటే మీ డిస్కులో ఉన్నవన్నీ నేను చూడొచ్చు, కాపీ చేసుకోవచ్చు. నా వైపు నుంచి ఒక్క ఫైలు అందులో పెట్టబోతే మాత్రం ఒప్పుకోదు.

నాకు నవ్వొచ్చింది మామయ్యగారూ. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మీ స్టూడియోలో నా పరిస్థితి అచ్చం ఇదే. గోడ మీద ఫొటోలన్నీ దగ్గరుండి చూపించారు. వంకరగా వేలాడుతున్న ఒకదాన్ని సరిచేయబోతే 'ముట్టుకోకు' అన్నారు. అది ఇంకా వంకరగానే ఉందా?

అందుకని నేను కూర్చిన మొదటి పది నిమిషాలను నా ఆఫీసు డిస్కులో వేసి పంపుతున్నాను. మీ డిస్కు కూడా అదే డబ్బాలో ఉంది. చూసి ఎలా ఉందో రాయండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కాకపోతే 'ఊఁ' అని ఊరుకోకుండా పూర్తి వాక్యాల్లో తిట్టండి.

పేరు సంగతి అలాగే. అవతలి ఒడ్డుకు కనబడేట్టే పెడతాను.

మీ కోడలు

* * *

ప్రియమైన కోడలికి,

ఖాళీ డిస్కు పంపావు. తగిలించగానే నా కంప్యూటర్ 'ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?' అని అడిగింది. అర్థం కానిదానికి అవునని చెప్పే మనిషిని కాను నేను, నీకు తెలుసు. వద్దన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ వద్దన్నాను. ఇంకోసారి అడిగేసరికి తీగ పీకేశాను.

డిస్కు చంకలో పెట్టుకుని కంప్యూటర్ల షాపతని దగ్గరికి వెళ్లాను. అతనూ అదే పాట. 'ఇందులో ఏం లేదు పెద్దాయనా, ఫార్మాట్ కొట్టేద్దాం' అని నొక్కబోయాడు. ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. 'మా కోడలు ఖాళీ డిస్కు పంపే మనిషి కాదు' అన్నాను. మరి పైన ఖాళీ డిస్కు పంపావని రాశారేం అంటావేమో. అది ఇంట్లో అనుకునే మాట. బయటివాళ్లతో అనే మాట వేరు.

అతను ఇంకోసారి తొంగి చూసి, 'ఇది మ్యాక్ పద్ధతిలో ఉంది, మన కంప్యూటర్లకు అంతు చిక్కదు, అందుకే ఖాళీ అనుకుంటోంది' అన్నాడు. అవునని నొక్కి ఉంటే నీ పది నిమిషాలూ తుడిచిపెట్టుకుపోయేవట. నా మొండితనం ఎవరికైనా పనికిరావడం ఇదే మొదటిసారి అని మీ అత్తయ్య అంటోంది.

సరే, వెళ్లినవాణ్ని ఊరికే రావడమెందుకని, నా డిస్కుకు ఎక్కడైనా నడిచే ఫార్మాట్ కొట్టమన్నాను. అందులో ఉన్నవన్నీ నా కంప్యూటర్‌లో ఎలాగూ ఉన్నాయి. పాతకాలపుది ఒకటుంది, దాన్ని గుర్తుపట్టని పెట్టె లేదని చెప్పి అదే కొట్టి ఇచ్చాడు.

ఇక అసలు కబురు. నడిమి దూలం పెట్టేశారమ్మాయ్! పొద్దున ఎక్కినవాణ్ని సాయంత్రం దాకా డాబా దిగలేదు. భోజనం పైకే వచ్చింది, అక్కడే చల్లారిపోయింది. రెండు క్రేన్లు అటొకటి ఇటొకటి పట్టుకుని, నిద్రపోతున్న పసిబిడ్డను పక్క మీద పడుకోబెట్టినట్టు దించాయి. అది కూర్చోగానే మా ఒడ్డు వెల్డరు ఒకాయన, పసుపు హెల్మెట్టు మనిషి, లేచి అవతలికి నడిచాడు. ఇక్కడ ఈ ఏటిని పడవ లేకుండా దాటిన మొదటి మనిషి. దూలం తగలడం, అతను లేవడం, నడవడం, అవతల కూర్చోవడం, అన్నీ ఒకే బిగిన తీశాను. కెమెరా వణకలేదు.

కానీ ఈ డిస్కు ఆ ఫైలును పట్టనంది. 'ఫైలు మరీ పెద్దది' అంటుంది. చూస్తే డిస్కేమో ఖాళీ! అంత ఖాళీ పెట్టుకుని చోటు లేదంటే ఎవరికైనా ఒళ్లు మండదా? ఆ మంటలో నేనే దాన్ని ముక్కలు చేసి ఎక్కించేశాను. బాగానే కోశాననుకుంటున్నాను. నీ ఆఫీసు డిస్కు కూడా పెట్టాను. చిటికెన వేలితో కూడా ముట్టుకోలేదు.

ఇట్లు,
స్టూడియో యజమాని

* * *

ప్రియమైన మామయ్యగారికి,

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. హడావిడిలో మీ కంప్యూటర్ చదవలేని డిస్కు పంపాను. రోజూ ఇదే పని చేసే నేనే ఆ మాట మరిచానంటే మా ఆఫీసులో నవ్వుతారు. ఆ షాపతని చెయ్యి పట్టుకున్నందుకు మీకు దండం. 'మా కోడలు ఖాళీ డిస్కు పంపే మనిషి కాదు' అన్న వాక్యం మీ అబ్బాయికి చదివి వినిపించాను. 'నాన్న అన్నారా?' అని కాగితం లాక్కుని మీ దస్తూరీయో కాదో చూసుకున్నారు.

ఇప్పుడు మీ వంతు. ఒక్క ముక్క కూడా కోయకూడదని నాకు షరతు పెట్టి, మీరే కోస్తారా మామయ్యగారూ? కోస్తే కోశారు, ఎక్కడ కోశారో చూశారా? ఒక ముక్క చివర పసుపు హెల్మెట్టాయన కాలెత్తుతాడు. తర్వాతి ముక్క మొదట్లో అవతల కూర్చుని నీళ్లు తాగుతుంటాడు. నడకే లేదు! పడవ లేకుండా ఏరు దాటిన మొదటి మనిషి గాల్లో ఎగిరి దాటినట్టుంది. ముక్కకూ ముక్కకూ మధ్య ఉండాల్సింది జారిపోయింది. అసలు ఫైలు మీ కంప్యూటర్‌లో ఉందా? ఉందని చెప్పండి, దండం పెడతాను. ఈ అరగంటా ఆ నడక కోసమే కూర్చాను. అది లేకపోతే మిగిలేది ఇనుమూ సిమెంటూ.

షాపతను అబద్ధం చెప్పలేదు. ఆయన కొట్టిన పాత ఫార్మాట్ పేరు ఫ్యాట్ థర్టీటూ. నిజంగానే ఎక్కడైనా నడుస్తుంది. కానీ ఒక్కో ఫైలు నాలుగు జీబీలు దాటకూడదు. దాటితే డిస్కు ఎంత ఖాళీగా ఉన్నా లోపలికి రానివ్వదు. ఇల్లు విశాలమే, గుమ్మమే చిన్నది.

మనకు కావలసింది ఎక్స్‌ఫ్యాట్ అని ఇంకొకటి. దాన్ని మీ కంప్యూటరూ నా కంప్యూటరూ రెండూ చదువుతాయి, రెండూ రాస్తాయి. మీ నడకంత పెద్ద ఫైలును కూడా ఒక్క బిగిన పట్టేస్తుంది. ఈసారి డిస్కులో ఉన్నవన్నీ నా దగ్గరికి కాపీ చేసుకుని, దాన్ని నేనే అలా ఫార్మాట్ చేశాను. ఇప్పుడది మీదీ నాదీనూ.

అయితే దానికో గుణముంది. అందరితో కలిసిపోతుంది గానీ ఊరికే అలుగుతుంది. మీ కంప్యూటర్ సొంత ఫార్మాట్ తాను చేయబోయే పనిని ముందే ఓ మూల రాసి పెట్టుకుంటుంది, మధ్యలో కరెంటు పోయినా తేరుకుంటుంది. దీనికి ఆ అలవాటు లేదు. పని మధ్యలో తీగ పీకేస్తే ఏది ఎక్కడుందో మరిచిపోతుంది. ఒక్కోసారి ఫైళ్లే పోతాయి. అందుకని తీసేముందు డిస్కు బొమ్మ మీద మౌస్ కుడి బటన్ నొక్కి, 'ఎజెక్ట్' అన్నచోట నొక్కాలి. 'ఇప్పుడు తీయవచ్చు' అని అది చెప్పాకే తీగ ముట్టుకోవాలి. మాటల్లో చెప్పాలంటే, వెళ్లొస్తానని చెప్పి వెళ్లాలి.

మీకు కష్టమయ్యేది ఇదేనని నాకు తెలుసు. పోయినసారి మా ఇంటికి వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉండగానే ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు. రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చేసరికి కుర్చీ ఖాళీ. నేనేం తప్పు చేశానా అని చాలా రోజులు నాలో నేనే వెతుక్కున్నాను. డిస్కు కూడా అలాగే వెతుక్కుంటుంది.

అరగంటా కూర్చి డిస్కులో పెట్టాను. నడక ఉండాల్సిన చోట నల్లగా వదిలాను.

మీ కోడలు

* * *

ప్రియమైన అమ్మాయికి,

ఊపిరి పీల్చుకో. అసలు ఫైలు ఉంది. కోసింది దాని నకలునే. అంత తెలివి తక్కువవాణ్ని కాను, ఇంచుమించుగా మాత్రమే.

మొత్తం నడక ఒకే ఫైలుగా డిస్కులోకి ఎక్కింది. తెర మీద పచ్చగీత నిండుతుంటే మీ అత్తయ్యా నేనూ పొయ్యి మీద పాలకు కాపలా ఉన్నట్టు కూర్చున్నాం. నిండగానే నా చెయ్యి తీగ మీదికి పోయింది. మీ అత్తయ్య ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. నువ్వు చెప్పినచోట నొక్కాను. 'ఇప్పుడు తీయవచ్చు' అంది. అప్పుడు తీశాను.

నీ అరగంట చూశాను. పొగిడితే పని పాడవుతుందని నా నమ్మకం, అందుకని ఏమీ రాయకూడదనుకున్నాను. కానీ రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు. వరద రోజు చట్రం ఒరిగినచోట శబ్దమంతా తీసేశావు. తర్వాత ఉన్నట్టుండి ఎవరో ఈల వేస్తారు. ఎవడ్రా వీడు అనుకుని మళ్లీ పెట్టి విన్నాను. నేనే! కెమెరా వెనక నిలబడి ఈల వేస్తున్నానని నాకే తెలియదు. మర్నాడు చట్రం పడకుండా నిలబడి ఉన్నందుకు వేసిన ఈల అది. నువ్వు దాన్ని పట్టుకుని సరిగ్గా అక్కడ పెట్టావు. మీ అత్తయ్య చూసి, 'ఇన్నాళ్లూ మీరు తీసినవాటిలో వంతెన కనబడింది. ఇందులో మీరు కనబడుతున్నారు' అంది. లోపలికి వెళ్లి లెన్సులు తుడుచుకున్నాను.

ఇక చెప్పకుండా వెళ్లిపోవడం గురించి. అది కోపం కాదమ్మాయ్, ఫొటోలు తీసేవాడి బుద్ధి. ఎవరింటికి పనికి వెళ్లినా 'ఇక వెళ్తాను' అన్నామంటే, అందరూ నవ్వులాపి, జుట్టు సర్దుకుని, 'ఇంకొక్కటి తీయండి' అని వరసగా నిలబడతారు. అప్పటిదాకా ఉన్న సందడి కాస్తా చెడిపోతుంది. అందుకని సందడి ఉండగానే మెల్లగా జారుకోవడం నేర్చుకున్నాను. ఆ రోజు నువ్వు వంటింట్లో ఏదో పాడుకుంటున్నావు. పిలిస్తే ఆపేస్తావని లేచి వచ్చేశాను. రెండు కప్పుల సంగతి నాకు తెలియదు.

పేరు మరిచిపోకు. పెద్దగా ఉండాలి. నా పేరు ఒక్కటే. సంఘం అధ్యక్షుడికి చెప్పాను, ఎదురైనవాళ్లందరికీ చెప్పాను, ఎదురవ్వనివాళ్లకు కబురు పెట్టాను.

మామయ్య
(స్టూడియో యజమాని కూడా)

* * *

ప్రియమైన మామయ్యగారికి,

సినిమా పూర్తయింది. నడక మొత్తం ఉంది, మీరు తీసినది తీసినట్టే. ఎడిటింగ్ చేసేవాళ్లకు కోయకుండా ఉండటమే కష్టం, కానీ ఇక్కడ నా చేతులు వాటంతటవే ఆగిపోయాయి. నడక మధ్యలో ఆయన ఒకసారి నిలబడి కిందికి, నీళ్లవైపు చూస్తాడు. గమనించారా? ఎందుకు చూశాడో తెలియదు గానీ, అది లేకపోతే నడక అంత బాగుండదు.

నా పాట గురించి మీరు రాసింది చదివి వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను. నేను పాడుకుంటానని నాకూ తెలియదు.

చివరి పేరును సినిమాలో కలపలేదు. విడిగా ఒక ఫొటోగా పెట్టాను. సినిమా అయిపోగానే దాన్ని తెర మీద వేయమనండి. అక్షరాలు ఇంకా పెద్దవి కావాలంటే మీరే మార్చుకోవచ్చు. ఫొటో మీద అక్షరాలు వేయడం మీకు ఒకరు నేర్పాలా? డిస్కులో మీరూ రాయగలరు కదా.

మీరు కోరినట్టే మీ పేరు ఒక్కటే ఉంది. నా పేరు పెట్టుకోలేదు. ప్రకటనల కింద ఎడిటర్ పేరు ఎవరూ వేయరు, నాకు అలవాటే. అయినా ఈసారి ఆ ఫొటో తయారుచేస్తుంటే మనసు కాస్త చివుక్కుమంది. నేను చేసిన అన్ని పనుల్లో ఇదొక్కటే నాదని చెప్పుకోవాలనిపించింది. మీ దగ్గర దాచడమెందుకని రాస్తున్నాను. అంతకుమించి ఏమీ లేదు.

ఒక జాగ్రత్త. మీ కంప్యూటరూ నా కంప్యూటరూ ఒక మాట మీదికి వచ్చాయి గానీ, తెర తెచ్చే బండివాళ్లు సినిమా వేసే పెట్టె ఏ ఫార్మాట్ చదువుతుందో మనకు తెలియదు. ముందురోజే డిస్కు తీసుకెళ్లి తగిలించి చూడండి. సినిమా నకలు ఒకటి మీ కంప్యూటర్‌లోనూ ఉంచండి.

మేం రాలేకపోతున్నాం. సరిగ్గా ఆ రోజే ఆఫీసులో ఒక ప్రకటన అప్పగించాలి. దేనిదనుకున్నారు? చెప్పులదే.

మీ కోడలు

* * *

ప్రియమైన మామయ్యగారికి,

ప్రారంభం ఎల్లుండి. డబ్బా చేరిందని ఇంతవరకు ఒక్క మాట లేదు. నిన్న ఫోన్ చేస్తే అత్తయ్యగారు తీశారు. 'పొద్దున్నుంచీ స్టూడియో తలుపేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు, నన్ను కూడా రానివ్వట్లేదు, ముఖం అదోలా ఉంది' అన్నారు. మిమ్మల్ని పిలవమంటే, 'ఇప్పుడు కాదు' అన్న మీ కేక నాకే వినబడింది.

తీగ పీకేశారా? మళ్లీ ఆ ప్రశ్న వస్తే అవునని నొక్కేశారా? నొక్కితే నొక్కారు మామయ్యగారూ, ఒక్క మాట అనను. నా దగ్గర నకలుంది, మీరు ఊఁ అంటే ఇంకో డిస్కు బస్సుకిచ్చి పంపుతాను.

డిస్కుకు ఏమీ కాకపోతే మరి నా మీద కోపమా? చివుక్కుమందని రాయకుండా ఉండాల్సింది. మీరు ఇన్నేళ్లు ఎండలో నిలబడి తీసిన దానికి మీ పేరు ఒక్కటే ఉండటం న్యాయమే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికే ఇస్తున్నాను. ఏదో ఒకటి రాయండి.

మీ కోడలు

* * *

ప్రియమైన అమ్మాయికి,

డిస్కు నిక్షేపంలా ఉంది. నేనూ అలాగే ఉన్నాను. నీ ఉత్తరం అందేసరికి రాసే తీరిక లేకపోయింది, ఎందుకో చెబుతాను.

నువ్వన్నట్టే ముందురోజు తెర బండి అతని దగ్గరికి డిస్కు పట్టుకెళ్లాను. అతని పెట్టెకు తగిలిస్తే అది దీని ముఖమే చూడలేదు. 'మా దానికి ఆ పాత ఫార్మాటే అర్థమవుతుంది. సినిమాను చిన్న చిన్న ముక్కలు చేసి తెండి, వరసగా వేసేస్తాను' అన్నాడు. ముక్కలట! ఒకసారి కోసి కోడలి చేత తిట్లు తిన్నది చాలదా? 'కోయను' అన్నాను. 'అయితే వేయలేను' అన్నాడు. ఊరందరికీ చెప్పుకున్నవాణ్ని, రేపు ఖాళీ తెర ముందు నిలబడాలా అనుకుంటూ స్టూడియోకు వచ్చాను.

వచ్చి చూస్తే దీనికి మందు నా బల్ల మీదే ఉంది. ఈ డిస్కును చదివే కంప్యూటర్ నా దగ్గరే ఉండగా అతని పెట్టెను బతిమాలడమెందుకు? తెరకు కావలసింది బొమ్మ. అది ఏ పెట్టెలోంచి వస్తే దానికేం? అతన్ని అడిగితే, 'మీ కంప్యూటర్ తెచ్చుకుంటే మా తీగ తగిలిస్తాను, నాకేం అభ్యంతరం' అన్నాడు.

మర్నాడు సాయంత్రం నేను కంప్యూటర్ పెట్టె ఎత్తుకున్నాను, మీ అత్తయ్య మానిటర్ ఎత్తుకుంది. మౌసూ కీబోర్డూ డిస్కూ ఆ తువ్వాలులోనే మూటగట్టాం, ఈసారి ఆవిడ అనుమతితోనే. వీధి పొడుగునా జనం 'స్టూడియో ఖాళీ చేస్తున్నారా?' అని ఒకటే అడగడం. మీ అత్తయ్య అందరికీ 'మా కోడలి సినిమా వేయడానికి వెళ్తున్నాం' అని చెప్పుకుంటూ నడిచింది. అంతకుముందే నా సినిమా అని నేను ఊరంతా చెప్పి ఉన్నాను కదా. ఆ రోజు రెండు సినిమాలున్నాయనుకుని కొందరు భోజనాలు కట్టుకుని వచ్చారు.

వెలుతురు తగ్గగానే మొదలుపెట్టాం. మొదట్లో గోలగానే ఉంది. వరద దగ్గర గోల తగ్గింది. నా ఈల వచ్చినచోట ఎవరో పకపకా నవ్వారు, నేనూ నవ్వాను. నడక మొదలయ్యాక ఒక్కరు గొంతెత్తితే ఒట్టు. అతను ఆగి నీళ్లవైపు చూసినచోట, జనమంతా తలలు వంచి కిందికి చూశారు. నేను తెర చూడటం మానేసి వాళ్లనే చూశాను. అతను అవతల కూర్చోగానే ముందు వరసల్లోంచి ఒకావిడ లేచి, 'మా ఆయనే! ఇదిగో ఈయనే!' అని పక్కనున్న మనిషిని జబ్బ పట్టి లేపింది. హెల్మెట్టు లేకపోయేసరికి ఎవరూ గుర్తుపట్టలేదు పాపం. ఇక చూడు చప్పట్లు.

తర్వాత అతన్ని అడిగాను, మధ్యలో ఎందుకు ఆగావని. 'కింద మా పడవ పోతోందండీ. ఇన్నాళ్లూ నన్ను అటూ ఇటూ దాటించిన పడవ. వెళ్లొస్తానని చెప్పాను' అన్నాడు. ఆ మాట వింటుంటే నాకు నువ్వే గుర్తొచ్చావు.

ఇక తలుపేసుకుని చేసిన పని. నువ్వు పెట్టిన ఫొటో తెరిచి చూశాను. నా పేరు ఒక్కటే ఉంది, నేను కోరినంత పెద్దగానే ఉంది. ఎంతో బాగుంటుందనుకున్నాను, ఏమీ బాగాలేదు. చివుక్కుమందని నువ్వు రాసిన చోట వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అందరూ చూడొచ్చు, నేను తప్ప ఎవరూ రాయకూడదు అన్నట్టుగా నడిచిపోయింది నా స్టూడియో అంతా. నువ్వేమో ఇద్దరం రాయగలిగే డిస్కు చేసి చేతికిచ్చావు. ఇచ్చాక నేనూ ఏదైనా రాయాలి కదా. కూర్చుని అక్షరాలు పేర్చాను, చెరిపాను, మళ్లీ పేర్చాను. అక్షరాలు నచ్చినట్టు కుదరకపోతే నా ముఖం అదోలాగే ఉంటుంది, మీ అత్తయ్యకు ఇన్నేళ్లయినా అలవాటు కాలేదు.

సినిమా అవ్వగానే తెర మీద పడింది ఏమిటో చెబుతాను. పైన నీ పేరు. పెళ్లికి ముందు నువ్వు చదువుకున్నప్పటి పూర్తి పేరు, మావాడిని అడిగి ఒక్క అక్షరం తప్పుపోకుండా వేశాను. దాని కింద 'కూర్పు'. అన్నిటికంటే అడుగున, చిన్న అక్షరాల్లో, 'చిత్రీకరణ: ఆమె మామగారు'.

సంఘం అధ్యక్షుడు పరుగెత్తుకుంటూ వచ్చి, 'అదేమిటండీ, మీ పేరు పడలేదు!' అన్నాడు. 'పడింది, సరిగ్గా చదువు' అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో నువ్వు చూడాల్సింది. నా పేరు అంత పెద్దగా పడి ఉన్నా అంత పొంగేది కాదు.

దాన్ని తెర మీద అలాగే ఉంచమని మీ అత్తయ్యను కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి, నేను వంతెన మీద నడిచి అవతలి ఒడ్డుకు వెళ్లాను. అక్కడ నిలబడి వెనక్కి తిరిగి చూశాను. నీ పేరు ప్రతి అక్షరం చదవగలిగాను అమ్మాయ్. పక్కన నిలబడ్డ ఇద్దరు ముగ్గురికి కూడా చదివి వినిపించాను. అడుగున ఉన్న చిన్న అక్షరాలు కనబడలేదు. అక్కర్లేదు కూడా.

వెనక్కి వచ్చి, నొక్కాల్సిన చోట నొక్కి, 'ఇప్పుడు తీయవచ్చు' అన్నాకే డిస్కు తీశాను. అది ఈ డబ్బాలోనే ఉంది, నీ దగ్గరే ఉంచుకో. స్టూడియో గోడ మీద ఆ ఫొటో ఇంకా వంకరగానే ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, నువ్వు వచ్చి సరిచేయాలి. అంతకుముందే మీ అత్తయ్యా నేనూ మీ ఇంటికి వస్తాం. టీ ఎన్ని కప్పులు పెట్టినా తాగేదాకా కుర్చీలోంచి లేవను.

వెళ్లొస్తానమ్మా.

నీ మామయ్య